సమస్యాపూరణం: “కూత మానినపుడె కోట గెలిచె”

ఇది ఆటవెలది 4వ పాదం. హాస్యకళాకారుడు, రేడియో వ్యాఖ్యాత, కబడ్డీ ఆటగాడు, ఈ మూడూ తానే అయిన మనిషి జీవితాన్ని చెప్పాలి. చిక్కు ఎక్కడంటే, ఎదుటి కోర్టులో కూత ఆగిందా, అవుటే. మరి మానినపుడే గెలుపెట్లా? 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; 2, 4 పాదాల్లో ఐదు సూర్యగణాలు. 4వ గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి.

పరకాల మిత్రుడు:

గీత దాటి వెళ్లి గిరగిర తిరుగుచుఁ
దాఁకి వారి నొక్క తాపుతోనె
ఈడ్చి కాలు గీత కీవలఁ బెట్టెను;
కూత మానినపుడె కోట గెలిచె

విమర్శ (హనుమకొండ): విరోధం చక్కగ విడింది. తాకినంత మాత్రాన పాయింటు రాదు, 30 సెకన్లలోపు కూత తెగకుండ తన కోర్టుకు మళ్లాలి. పట్టులో చిక్కినవాడు చెయ్యి చాచి వేలితో గీత అందుకున్నా చాలు గనుక, “ఈడ్చి” అన్న మాటలో ఆ పెనుగులాటంతా ఉన్నది. లోటు ఒక్కటే: ఆటగాడు వచ్చిండు, హాస్యగాడు రాలేదు. “కోట”కూ సమన్వయం లేదు.

జమ్మికుంట మిత్రుడు:

నవ్వు వచ్చు చోట నాలుక నాపెను
మాటలోని విరుపు మదినిఁ దాఁక
సభల నొక్కసారి మ్రోగెఁ జప్పట్లును
కూత మానినపుడె కోట గెలిచె

విమర్శ (హనుమకొండ): అన్నా, గణాలు మంచిగ కూర్చిన్రు, కాని 3వ పాదంలో యతి తప్పింది. “స”కు “మ్రో”తో మైత్రి లేదు. మాటలు తారుమారు చేస్తే చాలు: “సభల నొక్కసారి చప్పట్లు మ్రోగెను”. సకార చకారాలకు మైత్రి ఉన్నది, గణాలూ చెడవు.

కాజీపేట మిత్రుడు: “సభల” తీసి “రేడియో” మాత్రం పెట్టకండి. వేదిక మీద మాట ఆపినా ముఖం పలుకుతనే ఉంటది, జనం కాచుకుంటరు. మైకు ముందు ముఖం కనబడదు. విరుపు రెండు మూడు క్షణాలు దాటితే వినేవాళ్లు ప్రసారం తెగిందనుకుని స్టేషను తిప్పుతరు. అక్కడ విరుపు చిన్నగా ఉండాలి, దాని ముందరి మాట తేటగా తెగాలి. చివరి అక్షరం మింగితే నవ్వు రాదు.

నర్సంపేట సభ్యురాలు:

వేల గొంతులున్న వేణుమాధవుఁడైన
విరుపు లేక నవ్వు విరియఁబోదు
ఓరుగల్లు వాఁడు నూపిరి నిలిపెను
కూత మానినపుడె కోట గెలిచె

విమర్శ (హనుమకొండ): ఈ మూడింటిలో నాకు నచ్చింది ఇదే. “ఓరుగల్లు” అనగానే “కోట” తనంత తానే అతికింది. నేరెళ్ల వేణుమాధవ్ గారు 1932లో ఈ వరంగల్‌లోనే పుట్టి, 2001లో పద్మశ్రీ అందుకుని, 2018లో కన్నుమూసిన ధ్వన్యనుకరణ సమ్రాట్టు. ఆ పేరు “వేణుమా–ధవుఁడైన” అని ర, సల గణాలకు ఒదిగింది. “ఓ”కు “ఊ”తో యతి సరే. “ఊపిరి నిలిపెను” అన్నది ఆటకూ హాస్యానికీ రెండింటికీ చెల్లుతుంది. కూత తీసేవాడు నడుమ ఊపిరి పీలిస్తే ఓడుతడు, విరుపు పట్టేవాడూ అంతే. అయితే గీత, కోర్టు, పట్టు, ఏదో ఒక మాట ఉంటే గాని ఆటగాడు తేటపడడు. 2వ పాదంలో సర్దవచ్చునేమో చూడండమ్మా.

జమ్మికుంట మిత్రుడు: సవరణ తీసుకున్న. “కోట”కు బదులు “ఆట” అనవచ్చా?

హనుమకొండ: వద్దు. “కూ”కు “ఆ”తో యతి కుదరదు. పైగా ఇచ్చిన పాదాన్ని మార్చే వీలు పూరణలో లేదు.