‘టర్న్! టర్న్! టర్న్!’ పాటకు తెలుగులో ‘సమయం’ సరిపోతుందా?

ప్రశ్న:
అమెరికా రాక్ బృందం బర్డ్స్ 1965లో పాడిన ‘టర్న్! టర్న్! టర్న్!’ పాటలో మాటలు దాదాపు అన్నీ బైబిల్లోని ప్రసంగి గ్రంథం 3వ అధ్యాయానివే. మన పాత తెలుగు బైబిల్లో ఆ భాగం ‘ప్రతిదానికి సమయము కలదు’ అని మొదలవుతుంది. పాటను తెలుగులో పాడుకునేలా రాయాలంటే ఆ వాక్యాలనే తీసుకోవచ్చా? ‘టర్న్’ను ఏమనాలి?

జవాబు:
తీసుకోవచ్చు గానీ, పాటా వాక్యమూ అన్నిచోట్లా ఒకటి కావండీ. అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్ 1950ల చివర్లో ఆంగ్ల బైబిల్ మాటలకు వరస కట్టినప్పుడు జంటల క్రమం మార్చాడు, కొన్నిటిని వదిలేశాడు. మూలంలో 2 నుంచి 8 వరకు వచనాల్లో 14 జంటలున్నాయి. వాటిలో ‘దాచుకొనుటకు పారవేయుటకు’, ‘మౌనముగా నుండుటకు మాటలాడుటకు’ పాటలోకి రాలేదు.

అసలు పెద్ద తేడా మొదటి చరణంలోనే ఉంది. తెలుగు బైబిల్లో ‘నాటుటకు నాటబడినదాని పెరికివేయుటకు’ అని ఉంది. హీబ్రూ మూలంలోనూ అంతే, వేళ్లతో సహా పెకలించడమే. సీగర్ ఆ చోట ‘కోయడం’ అనే మాట పెట్టాడు. నాటినదాన్ని పీకేయడం నష్టం, కోసుకోవడం పండగ. పుట్టుక–చావు, ఏడుపు–నవ్వు ఒకదానికొకటి ఎదురు నిలిచే జంటలు. నాట్లు, కోతలు అలా కాదు, ఒకదాని వెనక ఒకటి వచ్చే పనులు. వేరుశెనగ అయితే పీకడమే కోత గనుక రెండు అర్థాలూ కలిసిపోతాయి, వరి దగ్గర కలవవు. మీరు అనువదించేది పాటను కాబట్టి ‘కోసే’ అనే రాయండి.

‘రాళ్లను పారవేయుటకు రాళ్లను కుప్పవేయుటకు’ అనే జంట కూడా చేనిదే కావచ్చు. శత్రువు మంచి పొలం నిండా రాళ్లు విసిరి పాడుచేయడం రెండవ రాజులు 3వ అధ్యాయంలో ఉంది. తోట వేసే ముందు రాళ్లు ఏరడం యెషయా 5వ అధ్యాయంలో ఉంది. అలా చదివితే ‘కుప్పవేయుట’ కన్నా ‘ఏరడం’ బాగా అతుకుతుంది.

మరో జవాబు:
‘సమయం’ సంగతి. మొదటి వచనంలో హీబ్రూ రెండు వేర్వేరు మాటలు వాడింది, ‘జెమాన్’, ‘ఏత్’. తెలుగు బైబిల్ రెండిటికీ ‘సమయము’ అనే వేసింది. ఆ ‘జెమాన్’ మనకు కొత్తది కాదు. అరబ్బీ, పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చిన మన ‘జమానా’ కూడా ఆ కుదురుదే.

మూలంలో 2 నుంచి 8 వరకు ‘ఏత్’ 28 సార్లు వస్తుంది. ఆంగ్లమూ ఆ మోతను నిలుపుకుంది. తెలుగు బైబిల్ మాత్రం ‘సమయము’ను మొదటి వచనంలోనే చెప్పేసి, తర్వాత ‘-టకు, -టకు’ అనే ప్రత్యయం మీద నడిపించింది. చదవడానికి గొప్పగా ఉంటుంది. పాడబోతే అక్కడే చిక్కు. వరసలో పాదం చివర సాగుతుంది, ‘కు’ లఘువు, సాగదీస్తే ‘పుట్టుటకూ’ అయిపోతుంది.

ఏ మాట వేయాలంటే, నాట్లకూ కోతలకూ ‘అదను’ను మించింది లేదు. అయితే తర్వాత చంపడం వస్తుంది. ‘అదను చూసి చంపాడు’ అంటే మాటువేసి కొట్టాడని అర్థం, కాబట్టి అక్కడ చెడుతుంది. ‘కాలం’ అంటే యుగమంత పెద్దది, పైగా ‘కాలం చేశారు’ అన్న వాడుక పక్కనే ఉంది. ‘వేళ’ మంచికీ చెడుకీ సమంగా పలుకుతుంది, దీర్ఘం తాళం మీద పడుతుంది. తెలుగు బైబిల్లోని ‘చచ్చుట’ ఈనాటి చెవికి మోటు. ‘పుట్టే వేళ, గిట్టే వేళ / నాటే వేళ, కోసే వేళ’ అంటే ప్రాస దానంతటదే కుదురుతుంది.

ఇంకొకరు:
వరస గురించి ఒక మాట. ఈ పాటను 1962లో మొదట లైమ్‌లైటర్స్ బృందం రికార్డుగా తెచ్చింది. సీగర్ సొంత రికార్డూ అదే ఏడు వచ్చింది. 1963లో జూడీ కాలిన్స్ పాడినప్పుడు ఆ వరసకు వాద్య సంగీతం అమర్చింది జిమ్ మెగ్విన్. తర్వాత అతనే బర్డ్స్‌లో రికెన్‌బ్యాకర్ 12 తీగల ఎలక్ట్రిక్ గిటార్ మీద దీన్ని వాయించాడు. ఆ గిటార్‌లో తీగలు ఆరు జంటలు. కింది స్థాయి నాలుగు జంటల్లో ఒక తీగ రెండోదానికి పై స్థాయిలో మోగుతుంది, మిగతా రెండు జంటలూ ఒకే శ్రుతి. తీగ నాదం త్వరగా అణగిపోతుంది కాబట్టి నాదాన్ని ఒకే స్థాయిలో ఉంచే కంప్రెసర్ అనే పరికరం గుండా పంపి నిలబెట్టారు. ఆ గంటల మోత లాంటి నాదంతోనే జానపదం రాక్ అయింది. బర్డ్స్ పాట 1965 డిసెంబర్ 4న అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు నిలిచింది. వియత్నాం యుద్ధంలోకి అమెరికా సేనలు పెద్ద ఎత్తున దిగిన ఏడాది అది. ‘శాంతి’ అన్న చివరి మాట అప్పటి శ్రోతలకు ఊరికే వినిపించలేదు.

తెలుగులో పాడేవాళ్లు గిటార్ వేగానికి మాటలు కుక్కకండి, ప్రతి ‘వేళ’ తర్వాత ఊపిరి ఉండాలి.

మొదట జవాబిచ్చినవారు:
ఇక ‘టర్న్’. ఇది 3వ అధ్యాయంలో లేదు, సీగర్ చేర్చింది. తాను రాసినవి ఆరు మాటలూ, మూడుసార్లు తిప్పి చెప్పిన ఒక మాటా అని ఆయనే అన్నాడు. పాత సంపద నుంచి పుట్టిన పాటల ఆదాయంలో కొంత అది పుట్టిన చోటికి పోవాలని నమ్మి, ఈ పాట రాయల్టీలో 45 శాతం ఇజ్రాయెల్‌లో ఇళ్ల కూల్చివేతలను ఎదిరించే కమిటీకి ఇచ్చాడు.

1963లో నటి, గాయని మర్లీన్ డీట్రిచ్ జర్మన్‌లో పాడినప్పుడు ‘టర్న్’ స్థానంలో ‘నమ్ము’ అనే మాట వచ్చింది. మనం అంత దూరం పోనక్కర్లేదు. ‘తిరుగు తిరుగు తిరుగు’ అంటే ఎవరినో ఊరంతా తిరగమన్నట్టుంటుంది. ‘మళ్లీ’ చూడండి. ‘మరలు’ అంటే తిరగడం, ‘మరలి’ నుంచే ‘మళ్లీ’ వచ్చింది. ప్రసంగి 1వ అధ్యాయంలో గాలి ‘మరల మరల తిరుగుచు’ ఉంటుంది. ‘మళ్లీ మళ్లీ మళ్లీ’ అంటే ఋతువు తిరగడమూ ఉంది, మనిషి మరలడమూ ఉంది.

ప్రశ్న అడిగినవారు:
‘మళ్లీ’ ఖాయం చేసుకున్నాను. చివర ‘యుద్ధము చేయుటకు సమాధానపడుటకు’ అన్నదాన్ని అలాగే ఉంచనా?

జవాబు:
‘సమాధానం’ చర్చి తెలుగులో శాంతి, బయట జవాబు. పాటకు బయటి శ్రోతలూ ఉంటారు కాబట్టి ‘శాంతి’ అనండి. అయితే బైబిల్ అనువాదకులు చేసిన పని గమనించండి. హీబ్రూలో చివరి జంట మాత్రమే నామవాచకాలు, యుద్ధం–శాంతి. తెలుగు వాటినీ క్రియలు చేసింది. సమాధానపడటం మనుషులు చేయాల్సిన పని అయింది.

సీగర్ చేర్చిన ఆరు మాటలూ (‘ఐ స్వేర్ ఇట్స్ నాట్ టూ లేట్’, అంటే ‘ఒట్టు, ఇంకా మించిపోలేదు’) అటే పోతాయి. మూడో చరణంలో యుద్ధం, శాంతి జంటగా వస్తాయి. ఆఖరి చరణంలో శాంతి ఒక్కటే వస్తుంది, ఎదుటి మాట ఉండాల్సిన చోట ఒట్టు ఉంటుంది. కాబట్టి అక్కడ ప్రాస కోసం మళ్లీ ‘యుద్ధం’ తేవద్దు. ‘శాంతికి వేళ, మించిపోలేదు ఒట్టు’ అని ఆపండి. ‘ఒట్టు’ తాళం మీద తేలికగా పడుతుంది, దాన్ని సాగదీయకండి.