తెజుకా ఒసాము గీసిన బుద్ధుడి కథలో ఈ చాప్రా ఎవరు?

ప్రశ్న: అమలాపురం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. సెలవులకు వచ్చిన మా మనవడు ‘బుద్ధ’ అనే జపాను బొమ్మల కథను ఇంగ్లీషు అనువాదంలో తెచ్చుకుని, నాలుగు రోజులుగా అరుగు దిగకుండా చదువుతున్నాడు. వాడు పడుకున్నాక నేనూ మొదటి సంపుటం తిరగేశాను. సిద్ధార్థుడు ఇంకా పుట్టనే లేదు. చాప్రా అనే బానిస కుర్రవాడు, జంతువుల్లోకి మనసును పంపగలిగే తత్త అనే పిల్లవాడు కథనంతా నడిపిస్తున్నారు. నేను చదివిన బుద్ధ చరిత్రల్లో ఈ పేర్లు ఎక్కడా తగలలేదు. గీసిన తెజుకా ఒసాము వైద్యవిద్య చదివినవాడట. అంత చదివినవాడు బొమ్మల కథల్లోకి ఎందుకు వచ్చాడు, వీటిని మా ఊరి గ్రంథాలయంలో పిల్లల బీరువాలో పెట్టవచ్చునా అన్నవి నా సందేహాలు.

జవాబు 1: రాజమహేంద్రవరం నుంచి

మాస్టారూ, చాప్రా, తత్త ఇద్దరూ తెజుకా కల్పించిన పాత్రలే. 1972 నుంచి 1983 వరకు ధారావాహికగా సాగి, జపానులో 14 సంపుటాలైన ఆ రచనను చరిత్ర గ్రంథంగా కాక, బుద్ధుడి చుట్టూ అల్లిన నవలగా చదవాలి. బానిస కడుపున పుట్టి సేనాపతి ఇంట పెంపుడు కొడుకైన చాప్రా పుట్టుకను దాచుకోవలసి రావడం చూపిన తరువాతే తెజుకా సిద్ధార్థుణ్ణి తీసుకువస్తాడు. ఆ రాజకుమారుడు దేన్ని వదిలి వెళ్ళాడో పాఠకుడికి ముందే తెలియాలన్నది అందులోని ఉపాయమని నా అభిప్రాయం.

ఇక వైద్యం సంగతి. 1928లో ఒసాకా దగ్గరి తొయొనాకాలో పుట్టి, తకరాజుకాలో పెరిగిన ఆయనకు చిన్నప్పటి నుంచి పురుగులంటే ప్రాణం. ఒసాముషి అనే నేలపురుగు పేరు తన పేరుకు దగ్గరగా ఉందని, సంతకంలో ‘పురుగు’ అనే అక్షరాన్ని కూడా చేర్చుకున్నాడు. యుద్ధకాలంలో కర్మాగారంలో పనిచేస్తూ 1945 నాటి ఒసాకా వైమానిక దాడులను కళ్ళారా చూశాడు. ఒసాకా విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతూనే బొమ్మలు గీశాడు. 1961లో నత్తల వీర్యకణాల మీద పరిశోధనకు డాక్టరేటు కూడా పొందాడు. పట్టా ఉండీ వైద్యవృత్తి చేపట్టని ఈయన సృష్టించిన ‘బ్లాక్ జాక్’ మాత్రం పట్టా లేకుండానే శస్త్రచికిత్సలు చేసే ఘనుడు!

జవాబు 2: పాలకొల్లు నుంచి

పై జవాబులో ఆయన గీత గురించి లేదు కనుక రాస్తున్నాను. 1947లో సకాయి షిచిమా కథతో వచ్చిన ‘కొత్త నిధి దీవి’ మొదటి పుటల్లో ఒక కుర్రవాడు కారులో రేవు వైపు దూసుకుపోతాడు, అంతే. ఆ చిన్న సంగతిని గడి తరువాత గడిగా, దూరం నుంచి దగ్గరికి, కెమెరా కదిలినట్టు చూపించడం ఆనాటి కుర్రకారును కట్టిపడేసింది. వారిలో కొందరు తరువాత పేరున్న చిత్రకారులయ్యారు. మన నరసాపురంలో పుట్టిన బాపు గారు గీతలు తగ్గించి భావం చెబితే, తెజుకా గడులు పెంచి కాలాన్ని సాగదీశాడు. రెండూ కష్టమైన విద్యలే.

అయితే ‘మాంగా (జపాను బొమ్మల కథల) దేవుడు’ అన్న బిరుదు చూసి అన్నిటికీ దండం పెట్టనక్కరలేదు. కొడుకు చనిపోయిన శాస్త్రవేత్త అతని రూపంలో మరమనిషిని చేసి, అది ఎదగడం లేదని సర్కసుకు అమ్మేసే కథ ‘ఆటమ్’. 1963 జనవరి 1న అది టీవీలో కదిలే బొమ్మల ధారావాహికగా మొదలైనప్పుడు, బొమ్మల సంఖ్య తగ్గించి, గీసినవే మళ్ళీ మళ్ళీ వాడి, ఖర్చు కూడా రానంత తక్కువ ధరకు ఇచ్చారు. ఆ రంగంలో చాలీచాలని జీతాలకు అదే బీజం వేసిందని ఇప్పటికీ విమర్శ ఉంది. ఆయన స్థాపించిన, కదిలే బొమ్మలు తీసే సంస్థ ముషి ప్రొడక్షన్ 1973లో దివాలా తీసింది. అయినా చెయ్యి ఆగలేదు. 1989 ఫిబ్రవరిలో కడుపు క్యాన్సరుతో 60 ఏళ్ళకు కన్నుమూసేనాటికి గీసినవి సుమారు 1,50,000 పుటలంటారు.

గ్రంథాలయం మాట: ‘బుద్ధ’లో నగ్నత, హింస ఉన్నాయి. చిన్నపిల్లల బీరువాలో వద్దండి, హైస్కూలు పై తరగతుల వారికి ఇప్పించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. సంపుటాలు పెద్దల బీరువాలోనే పెట్టిస్తాను, అడిగి తీసుకునేవారికి చాప్రా సంగతి ముందే చెబుతాను. మనవడు మాత్రం పుస్తకం మూసి, బుద్ధుడి గుర్తులు మన వైపు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆదుర్రు స్తూపం ఉందని చెప్పాను. ఆదివారం ఉదయం బయలుదేరుతున్నాం.