జర్మనీలో తమ్ముడికి గది: తెలుగువాళ్లతోనా, కాగితాలున్న చోటా?

మహేంద్రతనయ:
మాది ఒడిశాలో పర్లాకిమిడి. తమ్ముడు అక్టోబర్‌లో ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్తున్నాడు. స్టూడెంట్ హాస్టల్‌లో వెయిటింగ్ లిస్ట్. రెండు గదులు చూశాం. ఒకటి ముగ్గురు తెలుగు సీనియర్ల ఇల్లు, వీడు నాలుగోవాడు, నెలకు 280 యూరోలు, కానీ ఓనర్‌కి ముగ్గురున్నట్టే తెలుసట, అందుకని వీడి పేరు అడ్రస్ రిజిస్ట్రేషన్‌లో పెట్టలేమంటున్నారు, డిపాజిట్ 500 మాత్రం ముందే పంపమంటున్నారు. రెండోది 410, సొంత గది, ఓనర్ కాగితం ఇస్తాడు, తోడు ఒక ఒడియా అబ్బాయి, ఒక జర్మన్ అబ్బాయి. అమ్మ మొదటిదే అంటోంది, జ్వరమొస్తే మనవాళ్లయితే ఇంత గంజి కాచి పోస్తారని. నెలకు 130 యూరోల తేడా కూడా మాకు చిన్నది కాదు, చదువు లోన్ మీద వెళ్తున్నాడు. ఏం చేయమంటారు?

రాయగడ వాడిని:
మొదటిది వద్దండి. నేను సరిగ్గా అలాంటి ఇంట్లోనే నాలుగోవాడిగా ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు అడ్రస్ రిజిస్టర్ చేసుకోవాలి, దాన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు, దానికి ఇల్లిచ్చినవాళ్ల సంతకమున్న కాగితం కావాలి. అది లేకపోతే టాక్స్ నంబర్ రాదు, ఆ నంబర్ లేకుండా పార్ట్‌టైమ్ చేస్తే జీతంలో చాలా కోసేస్తారు, వీసా పొడిగించుకునేటప్పుడూ అదే అడుగుతారు. ఇంకోటి, అక్కడ చాలా ఇళ్లకు ఫ్లాట్ నంబర్లుండవు, పోస్ట్ డబ్బా మీద పేరుంటేనే ఉత్తరం వేస్తారు. మా డబ్బా మీద ముగ్గురి పేర్లే. నా బ్యాంక్ కార్డు వెనక్కి వెళ్లిపోయిందని మూడు వారాలకు తెలిసింది, అప్పటిదాకా బస్ పాస్‌కి కూడా పక్కవాళ్ల దగ్గర చేబదులు. డిపాజిట్ సీనియర్ చేతికిచ్చాను, అతను ఉద్యోగమొచ్చి వేరే ఊరెళ్లిపోయి, నీ తర్వాత వచ్చేవాడి దగ్గర తీసుకో అన్నాడు. అంటే ఇంకో కుర్రాడిని అదే గోతిలోకి దింపమని. నా వల్ల కాలేదు, ఆ డబ్బు అలాగే పోయింది.

బరంపురం అమ్మాయి:
అమ్మగారికి చెప్పండి, మనం జావ అన్నదాన్నే ఒడియావాళ్లు జావు అంటారు. నాకు మొదటి చలికాలం 102 జ్వరమొస్తే మా ఒడియా రూమ్మేట్ రెండు రోజులు కాచి పెట్టింది, పక్కన కాస్త కాల్చిన వంకాయ కూడా. కాబట్టి ఆ భయం వద్దు.

గొడవలు వచ్చేది భాష దగ్గర కాదు, వంటింట్లో, బాత్రూమ్ క్లీనింగ్‌లో. ఎవరి వారం ఎప్పుడో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించమనండి, ఫ్రిజ్‌లో ఏ అర ఎవరిదో దిగిన రోజే తేల్చుకోవాలి. నేను నవంబర్‌లో కిటికీలు మూసి ఎండు చేపలు వేయించాను, పై అంతస్తు ముసలావిడ కిందికి వచ్చి బెల్ కొట్టింది. అప్పటినుంచి ముందు రోజే ఇంట్లో చెప్పి, తలుపు మూసి, కిటికీ బార్లా తీసి వండేదాన్ని, మళ్లీ ఎవరూ ఏమీ అనలేదు. చలి అని కిటికీలు అసలు తెరవకపోయినా గోడలకు బూజు పడుతుంది, డిపాజిట్‌లో కోసుకుంటారు. రోజుకి రెండు మూడుసార్లు పదేసి నిమిషాలు తీస్తే చాలు. రాత్రి పది నుంచి ఆరు దాకా మిక్సీ వద్దు.

రేడియో, టీవీ ఫీజు నెలకు 18.36 యూరోలు కట్టమని అతని పేరుతో ఉత్తరం వస్తుంది, కంగారు పడొద్దు. అది మనిషికి కాదు, ఇంటికి. ముందునుంచి కడుతున్నవాళ్ల నంబర్ రాసి పంపితే సరి, ముగ్గురికీ తలా 6.12.

రాయగడ వాడిని:
ఒకటి మర్చిపోయా. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచే బ్యాంక్ ఖాతాలో, 11,904 యూరోలు వేస్తే నెలకు 992 చేతికొస్తుంది, 410 పోయినా సరుకులకు, ఇన్సూరెన్స్‌కు సరిపెట్టుకోవచ్చు. డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు, అదీ హీటింగ్ ఖర్చు కలపని అద్దె. వీడియో కాల్‌లో ఇల్లు చూడకుండా, అగ్రిమెంట్‌లో తమ్ముడి పేరు లేకుండా ఒక్క యూరో పంపొద్దు.

మహేంద్రతనయ:
రెండోదే ఖాయం చేశాం. నిన్న రాత్రి వీడియో కాల్. ఆ ఒడియా అబ్బాయిది ఛత్రపురం, అమ్మతో అరగంట ఒడియాలోనే మాట్లాడాడు, ఫోన్ తిప్పి బియ్యం డబ్బా, కుక్కర్ చూపించాడు. కుక్కర్ మోయొద్దు, ఆవపిండి తెమ్మన్నాడట. అమ్మ పొద్దున్నే ఆవాలు ఎండబెట్టింది. ఎంత పంపొచ్చో చెప్పండి, రెండు కిలోలు చేసేలా ఉంది.