కాగితం మీద ‘లోడు’ అని రాస్తే అది కొలతేనా?

కృష్ణలంక మేస్త్రి:
ఇల్లు కట్టే ఒప్పందాల్లో ‘ఇసుక 6 లోడులు’ అని రాసేసి సంతకాలు పెట్టేస్తున్నారు. నా వాదన ఒక్కటే. లోడు అనేది కొలత కాదు, కాగితం ఎక్కకూడదు. కాదనేవాళ్లు లెక్కతో రండి.

ఆరు చక్రాల టిప్పర్ బాడీ లోపల 10 అడుగుల పొడవు, 6.5 వెడల్పు, 3 ఎత్తు ఉంటే 195 ఘనపుటడుగులు. ఇసుక లెక్కలో 100 ఘనపుటడుగులు ఒక యూనిట్ కాబట్టి రెండుకి కాస్త తక్కువ. అదే బాడీ ఎత్తు అర అడుగు తగ్గితే 162.5 మాత్రమే. రోడ్డు మీద నిలబడి చూస్తే రెండు బండ్లూ ఒకేలా కనబడతాయి, రెండిట్లోదీ లోడే. బాడీ ముందు భాగంలో, బాడీని పైకి లేపే జాకీ పెట్టె ఆక్రమించే చోటు వేరే తీసెయ్యాలి. అది తీసేసి లెక్క చెప్పే డ్రైవర్ ఉంటే చూపించండి.

అరండల్‌పేట మాస్టారు:
మేస్త్రిగారూ, మాట మీద కోపం ఎందుకండీ? లోడ్‌కి ఇంగ్లీషులో మొదటి అర్థం బరువు కాదు. పాత ఇంగ్లీషులో దాని మూలరూపానికి దారి, ప్రయాణం, మోసుకెళ్లడం అని అర్థాలు. ముందుండి నడిపించడం అనే ‘లీడ్’ దానికి చుట్టమే. బరువు అన్న అర్థం తర్వాత వచ్చి కూర్చుంది. ఆ లెక్కన మనవాళ్లు ‘ఓ ట్రిప్పు ఇసుక తోలు’ అనడం పాత అర్థానికే దగ్గర.

పైగా మన చారెడు, దోసెడు, గంపెడు, బండెడు ఏమిటి? పట్టే పాత్రని బట్టి వచ్చిన కొలతలే కదా. లోడు అంటే బండెడు. ఒకే బండి, ఒకే రీచ్ (నదిలో ఇసుక తవ్వే చోటు) అయితే ఇంతకంటే పక్కా కొలత ఏముంది?

ఆటోనగర్ కాటా:
ఒకే బండి అయినా పక్కా కాదు మాస్టారూ, ఇసుక ఉబ్బుతుంది. చెమ్మ ఇసుకలో రేణువు చుట్టూ నీటిపొర పట్టి పక్క రేణువుని దూరం నెడుతుంది. తేమ 5, 6 శాతం ఉంటే చాలు, పరిమాణం పాతిక శాతం దాకా పెరుగుతుంది. సన్న ఇసుక అయితే ఇంకా ఎక్కువ. మేస్త్రిగారి 195 అడుగుల్లో అసలు ఇసుక 156 అడుగులే. మిగతాది గాలి.

అందుకే కాటా. నిండు తూకంలోంచి ఖాళీ తూకం తీసెయ్యండి, అంతే. ఖాళీ తూకం అదే రోజుది ఉండాలి, పాత చీటీ ఒప్పుకోవద్దు. బండి బరువు పరిమితి దాటితే 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకి 2,000 చొప్పున జరిమానా. రోడ్డు మీద ప్రభుత్వం అడిగేది టన్నులే, అడుగులు కాదు.

కృష్ణలంక మేస్త్రి:
సగం నిజం చెప్పారు. నీళ్లు కారుతున్న ఇసుక సంగతి? సందులన్నీ నీటితో నిండితే ఆ ఉబ్బు పోతుంది, ఇసుక మళ్లీ ఎండు పరిమాణానికి దిగుతుంది. అప్పుడు అడుగుల కొలత నిజం చెబుతుంది, కాటా అబద్ధం చెబుతుంది. 12 శాతం తడి ఉన్న 10 టన్నుల్లో టన్నుకి పైగా నీళ్లే. కాబట్టి చెమ్మ ఇసుక టన్నుల్లో, నీళ్లు కారే ఇసుక అడుగుల్లో కొనాలి.

ఉబ్బు ఎంతో చూడటానికి గాజు జాడీ చాలు. ఇసుకని అదమకుండా 200 మిల్లీమీటర్ల ఎత్తు పోసి, మట్టం చేసి కొలవండి. ఇసుక బయటికి తీసి జాడీలో సగం నీళ్లు పోయండి. ఇసుక మళ్లీ వేసి ఇనుప కడ్డీతో పొడిచి మట్టం చెయ్యండి. 160కి దిగితే, 200ని 160తో భాగించగా వచ్చిన 1.25లో పైన ఉన్న 25 శాతమే ఉబ్బు. సగం ఎండిన చేతిగుప్పెడు కాదు, కుప్ప మధ్యలోంచి తియ్యాలి.

ఇది చూడకుండా తట్టలతో 1:6 మాలు (ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ల ఇసుక) కలిపితే అసలు పాలు 1:4.8 అవుతుంది. గోడ పాడవదు, సిమెంటు దండగ అవుతుంది.

పటమట వైర్‌మన్:
మీరు ఇసుక దగ్గరే ఆగిపోయారు. కరెంటు బిల్లు మీద లోడ్ అంటే కిలోవాట్లు, బండితో పని లేదు. అందులోనూ రెండు రకాలు. ఇంట్లో ఉన్న సామాను అంతా కూడితే ఒకటి, ఒకేసారి నడిచేది ఇంకొకటి. ఏసీ 1.6, గీజర్ 2, ఒక హార్స్‌పవర్ మోటారు 0.75 కలిపితే 4.35 కిలోవాట్లు. మే నెలలో గీజర్ వెయ్యరు కాబట్టి నడిచేది 2.35. ‘మీ లోడు ఎంత’ అని అడిగితే ఏది చెబుతారు?

అన్నట్టు ఏసీ మీద రాసే ‘ఒకటిన్నర టన్ను’ కూడా బరువు కాదండోయ్. ఒక టన్ను (907 కిలోల అమెరికా టన్ను) మంచు 24 గంటల్లో కరగడానికి పట్టే వేడి, దాదాపు 3.5 కిలోవాట్లు. గదిలోంచి లాగే వేడి అది, కాలే కరెంటు కాదు.

యార్డు వీధి:
మిర్చి లారీలో లోడు అంటే ఎత్తు. బరువు పరిమితికి చేరకముందే టిక్కీలతో (మిర్చి బస్తాలతో) బాడీ నిండిపోతుంది. ఇసుకకి అది తిరగబడుతుంది, పై అంచు దాకా పొయ్యకముందే బరువు దాటిపోవచ్చు. ఇక రాత్రి ‘ఫుల్ లోడు’ అర్థం వేరే చెప్పక్కర్లేదు.

అరండల్‌పేట మాస్టారు:
సరే, కొనుగోలు సంగతి వదిలేద్దాం. స్లాబు మీద లోడ్ అంటారే, అది ఏ జాతి?

కృష్ణలంక మేస్త్రి:
అది చదరపు మీటరు మీద పడే బరువు. మనుషులు ఎక్కే డాబాకి లెక్కల్లో పట్టే కదిలే బరువు (మనుషులు, సామాను) చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. ఘనపు మీటరు ఇసుక టన్నున్నర ఉంటుంది కాబట్టి నాలుగంగుళాల మందాన పరిచేసరికే ఆ హద్దు అయిపోయింది. అడుగు ఎత్తు కుప్ప అయితే మూడింతలు. పై అంతస్తు పనికి ఇసుకంతా ఒకచోట పొయ్యవద్దనేది ఇందుకే.

గవర్నర్‌పేట గుమస్తా:
మొదటి ప్రశ్నకి వస్తాను. 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం ధర చెప్పేది ప్రామాణిక కొలతల్లోనే. లోడు చెల్లదు. మేస్త్రిగారి ఘనపుటడుగూ చెల్లదు! ఘనపు మీటర్లలో రాయాలి, 35.3 ఘనపుటడుగులు ఒక ఘనపు మీటరు. 195 అడుగులంటే 5.52.

అరండల్‌పేట మాస్టారు:
నోటితో లోడు అందాం, కాగితం మీద మీటర్లు రాద్దాం. ‘ఇసుక 33 ఘనపు మీటర్లు, స్థలం దగ్గర బాడీ మట్టం చేసి కొలిచి దించాలి.’ చాలా?

ఆటోనగర్ కాటా:
‘ఉబ్బు తీసేసి’ అని కూడా కలపండి.