బ్యాక్ 40లో మొదటిసారి: ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరికీ నమస్తే. ఉద్యోగం మీద అమెరికాలో అర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ వచ్చి నాలుగు నెలలైంది. ఇక్కడ ఎవరిని కదిపినా మౌంటెన్ బైక్ (కొండదారుల్లో తొక్కే సైకిల్) మాటే. ఉండబట్టలేక నేనూ ఒక సెకండ్‌హ్యాండ్ హార్డ్‌టెయిల్ (వెనక షాక్ లేని సైకిల్) కొన్నా. ఊళ్లోనే ఉన్న స్లాటర్ పెన్ సైకిల్ దారుల్లో రెండుసార్లు తొక్కాను, పర్లేదు.

ఈ శనివారం పక్క ఊరు బెల్లా విస్టాలోని బ్యాక్ 40 అనే సైకిల్ దారికి వెళ్దామని. మొత్తం దాదాపు 40 మైళ్లు, అంటే 64 కిలోమీటర్లు. అంత నావల్ల కాదు. ఓ పది మైళ్లు తొక్కి కారు దగ్గరికే తిరిగొచ్చేలా ఎక్కడ మొదలుపెట్టాలి? మ్యాప్ చూస్తే గిన్నెలో సేమ్యా ఒంపినట్టుంది, ఏ గీత ఎక్కడ తేలుతుందో తెలియట్లేదు.

దారి మొదట్లో నీలం చదరం బొమ్మ ఉంటే అది మధ్యరకం కష్టం అంటారు కదా. పోయినవారం బెంటన్‌విల్‌లోనే కోలర్ అనే చోట ఆ గుర్తు నమ్మి వెళ్తే, రాళ్ల మెట్టు దగ్గర ముందు బ్రేకు గట్టిగా పట్టేసి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడ్డా. మోచెయ్యి ఇంకా పచ్చిగానే ఉంది. బ్యాక్ 40లో అలాంటి మెట్లు ఎక్కువా? దిగి నడిపించుకుంటూ పోవచ్చా?

ఇంకోటి, పిడుదులు. మన దగ్గర గేదెలకి పట్టేలాంటివే, ఇక్కడ మనుషుల్నీ వదలవట. అవి పట్టకుండా ఒంటికి స్ప్రే కొట్టుకుంటే చాలా, పొడుగు సాక్సు కూడా వేసుకోవాలా? (మా ఆవిడకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.)

శనివారం పొద్దున్నే ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, వెనకాలే వస్తా. కాకపోతే నాది నత్తనడక.