ఆ పెద్ద విల్లుల బాణాలు ఇనుప కవచంలోంచి నిజంగా దిగేవా?

విల్లుపిచ్చి_బెజవాడ: ఇంగ్లిష్‌వాళ్ళకీ ఫ్రెంచ్‌వాళ్ళకీ జరిగిన అజిన్‌కోర్ యుద్ధం (1415) గురించి ఎక్కడ చదివినా ఇంగ్లిష్ విలుకాళ్ళ బాణాలు ఫ్రెంచ్ నైట్ల కవచాల్లోంచి దూసుకుపోయాయనే ఉంటది. నేను క్లబ్‌లో రికర్వ్ (కొసలు ముందుకి వంగిన విల్లు) వేస్తా, 40 పౌండ్ల విల్లుకే సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి, మరి వాళ్ళు ఎంత బరువు లాగేవాళ్ళు, ఉక్కులోకి దిగేదా అసలు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పోర్ట్స్‌మత్_శీను: ఇక్కడ మేరీ రోజ్ మ్యూజియంలో ఆ విల్లులే ఉన్నాయండి, తప్పక చూడాలి. మేరీ రోజ్ అంటే 1545లో మునిగిన ఇంగ్లిష్ యుద్ధనౌక, 1982లో పైకి తీశారు, వందకి పైగా విల్లులు దొరికాయి. చాలావాటి లాగుడు 100 పౌండ్ల పైనే, కొన్ని 180 దాకా ఉండొచ్చని లెక్కగట్టారు. అజిన్‌కోర్ కంటే 130 ఏళ్ళ తర్వాతవి అనుకోండి, కానీ అంత పాత విల్లులు ఇన్ని ఇంకెక్కడా లేవు.

కత్తీడాలు: అంత బలమున్నా ఛాతీ రేకు దిగదు బ్రో. 2019లో ఇంగ్లండ్‌లో కొందరు 160 పౌండ్ల విల్లుతో, ఆ కాలం పద్ధతిలో చేయించిన కవచం మీద దగ్గర్నుంచే వేసి వీడియో పెట్టారు, మధ్యలో మందం 2.5 మిల్లీమీటర్లే, అయినా ఒక్కటీ దిగలేదు, బాణాలే ముక్కలైపోయి ఆ పుల్లలు పైకి గొంతు వైపు ఎగిరాయి. గొలుసు కవచం (చిన్న ఇనుప రింగులు అల్లినది) ఉన్నచోట మాత్రం దిగాయి.

సునీత_హిస్టరీ: గొలుసుని కూడా అంత తేలిగ్గా తీసేయకండి. 1191లో పాలస్తీనాలో అర్సూఫ్ దారిలో క్రూసేడర్ల (యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ సైన్యం) కాల్బలం ఒంటి నిండా బాణాలు గుచ్చుకునీ వరస చెదరకుండా నడిచారని వాళ్ళ శత్రువు సుల్తాన్ సలాదిన్ పక్షం చరిత్రకారుడు బహాఉద్దీనే రాశాడు, లోపల మందపాటి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) కోటు ఉండేది. అక్కడి విల్లులు వేరు, దూరం వేరు, అదీ చూడాలి. అసలు ప్రమాదం ముఖానికి, గుర్రానికి. అజిన్‌కోర్‌లో గెలిచిన ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీకే 16 ఏళ్ళప్పుడు ష్రూస్‌బరీ యుద్ధంలో (1403) ముఖంలో బాణం దిగింది, సర్జన్ బ్రాడ్‌మోర్ ప్రత్యేకంగా పనిముట్టు చేయించి ములికి బయటికి తీశాడు. పొయిటియర్స్ యుద్ధంలో (1356) ఫ్రెంచ్ గుర్రాల ముందువైపు కవచం మీద బాణాలు జారిపోతుంటే ఇంగ్లిష్ విలుకాళ్ళు పక్కకి జరిగి వెనక భాగం మీద వేశారు.

విల్లుపిచ్చి_బెజవాడ: అయితే అజిన్‌కోర్ ఎలా గెలిచారండి మరి?

సునీత_హిస్టరీ: దున్నిన పొలం, రాత్రంతా వాన, రెండువైపులా అడవి. దెబ్బతిన్న గుర్రాలు బెదిరి వెనక్కి సొంతవాళ్ళ మీదకే వచ్చాయి, నడిచొచ్చినవాళ్ళు బాణాలకి తల వంచుకుని బురదలో ఒకళ్ళమీదొకళ్ళు ఇరుక్కుపోయారు, అప్పుడు విలుకాళ్ళు విల్లులు పడేసి సుత్తులు, కత్తులతో మీద పడ్డారు.

కత్తీడాలు: అవును, అందుకే వెర్నాయ్ యుద్ధంలో (1424) ఫ్రెంచ్ పక్షాన వచ్చిన, గుర్రాలకి కూడా కవచం తొడిగిన లొంబార్డ్ (ఇటలీ) రౌతులు ఇదే ఇంగ్లిష్ విలుకాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయారు. కానీ అటునుంచి అటే సామాన్ల బళ్ళు దోచుకోడానికి పోయారు, యుద్ధం ఇంగ్లిష్ వాళ్ళే గెలిచారు.