ముందు ప్యాకెట్టా, ముందు ప్రార్థనా? సింగ్‌నగర్ వరద సాయంపై చర్చ

కృష్ణలంక_సిస్టర్: అందరికీ వందనాలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చర్చి సంఘం తరఫున పులిహోర ప్యాకెట్లు, మంచినీళ్ళు పట్టుకెళ్ళాం. జనం నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. మా పెద్దలొకరు ముందు ప్రార్థన, తర్వాతే పంపకం అన్నారు. పావుగంట పట్టింది. ఒకామె చంకలో బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఆమె చెయ్యి ప్యాకెట్ వైపే చాచి ఉంది. శనివారం బియ్యంతో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి ముందు పంచేద్దామని నా మాట. మీరేమంటారు?

దివిసీమ_దాసు: సిస్టర్, నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. పావుగంట కాదు, ఐదు నిమిషాలు. అన్నం ప్రభుత్వమూ పెడుతుంది, పార్టీలవాళ్ళూ పెడతారు. మనం వెళ్ళేది నిరీక్షణ, అంటే దేవుని మీద ఆశ ఇవ్వడానికి. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించారు. వాళ్ళు అలసి కూర్చున్నప్పుడు బోధకులు పక్కన చేరి బైబిల్ వాక్యం చెప్పారు. అన్నం, వాక్యం కలిసే నడిచాయి.

ఒంగోలు_మాస్టారు: దాసు గారూ, సగమే చెప్పారు. వాక్యం వింటేనే కూలి అనలేదాయన. పైగా కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం ఎవరూ రాకూడదని. ఇక సాయం లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా పెద్దవాళ్ళు ఆ కాలువ తవ్వినవాళ్ళే. అయినా మా నాన్న బడిలో ‘బియ్యం కోసం మారినోళ్ళు’ అనే మాట పడ్డాడు. వరుసలో నిలబెట్టి ప్రార్థన చేయిస్తే ఆ మాటను మనమే నిజం చేసినట్టు.

దివిసీమ_దాసు: నేను బాప్తిస్మం గురించి అడిగానా? ఐదు నిమిషాల ప్రార్థన గురించే కదా మాట్లాడుతున్నాం!

కృష్ణలంక_సిస్టర్: పావుగంట. నేను వాచీ చూసుకున్నాను.

రూతు_గుంటూరు: ప్యాకెట్ ఇస్తూ ఒక మాట ప్రార్థన చేస్తే సరిపోతుంది కదండీ. దీనికింత గొడవెందుకు?

కృష్ణలంక_సిస్టర్: ఎందుకో చెప్తాను రూతు గారూ. 2021 మే నెలలో మా ఆయన కోవిడ్‌తో పోయారు. ఫోన్‌లో అందరూ ప్రార్థించారు, ‘నిరీక్షణ కోల్పోకమ్మా’ అన్నారు. సమాధుల తోటకు నేనూ మా తమ్ముడే వెళ్ళాం. పది రోజుల పాటు గుమ్మం దగ్గర క్యారేజీ పెట్టి, బెల్ కొట్టి వెళ్ళింది ఎదురింటి హిందూ కుటుంబం. ‘చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి’ అని ఊరికే చెప్పి పంపితే ఏం ప్రయోజనమని బైబిల్‌లో యాకోబు అడిగింది నా గురించే అనిపించింది. మాటలతోనే కడుపు నింపాలని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది, క్షమించండి.

దివిసీమ_దాసు: అమ్మా, మీ బాధ ఇంతని నాకు తెలియదు. నా సంగతీ వినండి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో నాన్నా, ఇద్దరు చెల్లెళ్ళూ పోయారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. శిబిరంలో అన్నానికి లోటు లేదు. కానీ మా అమ్మ ముద్ద ముట్టలేదు. మూడో రోజు ఒక బైబిల్ స్త్రీ (చర్చి తరఫున ఇళ్ళకు వెళ్ళి వాక్యం చెప్పే ఆమె) వచ్చి, ఏమీ బోధించకుండా పక్కన కూర్చుని, తల దువ్వి, ప్రార్థన చేసింది. ఆ రాత్రి అమ్మ గంజి తాగింది. అన్నంతోనే మనిషి బతుకుతాడంటే నేనెలా ఒప్పుకోను?

ఒంగోలు_మాస్టారు: దాసు గారూ, ఆమె ముందు తల దువ్వింది. మూడు వందల మందిని నీళ్ళలో నిలబెట్టలేదు. నేనడిగేదీ అదే. మీ అమ్మగారి పక్కన కూర్చున్నట్టు సింగ్‌నగర్‌లో మనం ఎవరి పక్కనైనా కూర్చున్నామా?

రూతు_గుంటూరు: శనివారం ఎన్ని గంటలకు బయల్దేరుతున్నారు? మా స్త్రీల సమాజం నుంచి దుప్పట్లు ఉన్నాయి.

కృష్ణలంక_సిస్టర్: ఉదయం ఆరింటికి, రూతు గారూ. దాసు గారూ, మీరూ రండి. ఆ బిడ్డ తల్లి ఇల్లు నాకు తెలుసు. పరుపులన్నీ తడిసిపోయి మేడ మీదే పడుకుంటున్నారు.

దివిసీమ_దాసు: వస్తాను. ముందు ఇల్లు కడుగుదాం, తర్వాత వాళ్ళు అడిగితేనే ప్రార్థన. ఇంకో మాట సిస్టర్, అది పావుగంటే. ఆ రోజు ప్రార్థన చేసింది నేనే.